పాత ఇంటికి పాత సామానే అందం

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వివరాల్లో స్వస్థలం అనే గడి ఒకటి ఉంటుంది. సొంతూరికి వెళ్లడానికి ఇచ్చే సెలవు ప్రయాణ రాయితీ ఆ గడిలో రాసిన ఊరినిబట్టే వస్తుంది. మనకు కొన్నేళ్లకోసారి క్వార్టర్ మారుతుంది, బడి మారుతుంది, పక్కింటివాళ్లు మాట్లాడే భాష మారుతుంది. ఆ గడిలోని ఊరు మాత్రం మారదు. మనలో చాలామందికి ఆ ఊళ్లో తాతగారి ఇల్లో, అమ్మమ్మగారి ఇల్లో ఉంది. వేసవి సెలవుల్లో పదిహేను రోజులు తప్ప మనం అందులో ఉండం. పెద్దవాళ్లకు ఓపిక తగ్గేకొద్దీ గదులకు ఒక్కొక్కటిగా తాళాలు పడతాయి. "ఉంచుదామా, అమ్మేద్దామా" అనే మాట ప్రతి పండక్కీ వస్తూనే ఉంటుంది.

ఆ నిర్ణయం మన చేతిలో లేదు. కానీ ఆ ఇంట్లో నాలుగు రోజులు ఉండాలనిపించేలా చేయడంలో మనమూ చేయి వేయవచ్చు. ఎవరికీ ఉండబుద్ధి కాని ఇల్లే ముందు అమ్మకానికి వెళుతుంది. ఒక గదిని ముచ్చటగా తీర్చుకోవడానికి కొత్త సోఫాలు, ఖరీదైన రంగులు అక్కర్లేదు. వరస తప్పకుండా ఉంటే చాలు: ముందు మరమ్మతు, తర్వాత అటక, ఆఖరున అంగడి.

ముందు ఇంటిని చూడాలి

వాన నీరు కారే గదిలో ఎంత మంచి బల్ల వేసినా రెండేళ్లలో పాడవుతుంది. కాబట్టి మొదటి ఖర్చు పైకప్పుకే పెట్టాలి. కోస్తా ఊళ్లలో చాలా ఇళ్లకు మంగళూరు పెంకులుంటాయి. కొన్నిచోట్ల వాటినే బెంగళూరు పెంకులంటారు. బాసెల్ మిషన్‌వారు 1865లో మంగళూరులో వీటి కర్మాగారం పెట్టారు. ఒక పెంకు అంచు పక్క పెంకు గాడిలో కూర్చునేలా వీటిని చేస్తారు. అందువల్ల ఒక కంపెనీ పెంకు ఇంకో కంపెనీ పెంకుతో సరిగ్గా కలవకపోవచ్చు. పెంకు వెనక అచ్చు వేసిన పేరు ఉంటుంది. పగిలిన పెంకు ముక్కను వెంట తీసుకెళ్లి, పడగొట్టిన ఇళ్ల సామాను అమ్మేచోట అదే పేరున్న పెంకులు అడిగితే తక్కువ ఖర్చుతో పని అవుతుంది. కప్పు ఎక్కే పని మాత్రం పనివాళ్లదే, మనది కాదు.

తర్వాత గోడలు. పాత ఇళ్ల గోడలు చాలావరకు సున్నంతో గచ్చు చేసినవి. ఇలాంటి గోడ నేలలోని చెమ్మను కొంత పీల్చుకుని మళ్లీ గాలిలోకి వదిలేస్తుంది. దానిమీద ఆయిల్ పెయింటు వేస్తే చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. కొన్నాళ్లకు రంగు బొబ్బలెక్కి పెచ్చులూడుతుంది. అందుకే పాత గోడకు వెల్ల వేయడమే మేలు, చవక కూడా. రసాయన శాస్త్రంలో చదివిన పాఠం ఇక్కడ కళ్లముందే జరుగుతుంది. పొడి సున్నం కాల్షియం ఆక్సైడ్. నీళ్లు పోస్తే అది కాల్షియం హైడ్రాక్సైడ్ అవుతుంది. గోడకు వేశాక గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుని మెల్లగా కాల్షియం కార్బొనేట్‌గా, అంటే సున్నపురాయి పదార్థంగానే గట్టిపడుతుంది. అయితే సున్నంలో నీళ్లు పోసినప్పుడు అది సలసల కాగుతుంది. ఒక్క చుక్క కంట్లో పడినా ప్రమాదమే. ఆ పని పెద్దవాళ్లు చేస్తుంటే మనం దూరంగా ఉండి చూడాలి.

అటకే మొదటి అంగడి

కొనడానికి బయల్దేరేముందు అటక ఎక్కినవి, గాదె గదిలో పడేసినవి బయటికి తీయించాలి. పడక కుర్చీ చట్రం, నవారు ఊడిన మంచం, భోషాణం, ఉయ్యాల బల్ల, పీటలు, ఊరగాయ జాడీలు, గంగాళం, మరచెంబు, లాంతరు, ట్రంకు పెట్టె... ఇవన్నీ పనికిరానివని పైకెక్కినవి కావు. వాడేవాళ్లు ఉద్యోగాలకు వెళ్లిపోవడంతో పైకెక్కాయి.

ప్రతి వస్తువుకూ నోటుపుస్తకంలో ఒక వరస రాద్దాం: పేరు, కొలత, ఏం పాడైంది, ఎవరిది. చివరి గడి నింపాలంటే నాయనమ్మనో తాతయ్యనో అడగాలి. "ఈ భోషాణం ఎవరిదండీ తాతయ్యా?" అని అడిగితే జవాబు ఒక్క మాటతో ఆగదు. అడగకుండా ఏ వస్తువునూ పాత ఇనుప సామానువాడికి ఇవ్వకూడదు. మనకు తుక్కుగా కనిపించేది ఆవిడ కాపురానికొచ్చినప్పుడు తెచ్చుకున్న బిందె కావచ్చు.

ఈ పట్టీ చేతిలో ఉంటే నిజంగా ఏది లేదో తెలుస్తుంది. గదికి చదువుకునే బల్ల లేదు, పుస్తకాలకు అర లేదు, అంతే. కొనవలసినవి ఇరవై నుంచి రెండుకు దిగుతాయి.

పాత సామాను ఎక్కడ దొరుకుతుంది

మనం తిరిగే ఊళ్లలోనే వీటికి పేరుపడ్డ బజార్లున్నాయి. హైదరాబాదులో ఆదివారం ఎర్రగడ్డ సంత, గురువారం జుమేరాత్ బజారు ఉన్నాయి. ముంబయిలో చోర్ బజారు, ఢిల్లీలో పాత ఫర్నిచర్‌కు అమర్ కాలనీ, అహ్మదాబాదులో సబర్మతి ఒడ్డున ఆదివారం గుజరీ బజారు ఉన్నాయి. తమిళనాడులోని కారైక్కుడిలో చెట్టినాడు పెద్ద ఇళ్ల నుంచి వచ్చిన తలుపులు, స్తంభాలు, ఎనామెల్ గిన్నెలు అమ్ముతారు. ఊరు చిన్నదైతే కలప అడితిలో, ఇళ్లు పడగొట్టినచోట అడగవచ్చు.

వీటన్నిటికంటే మనకు దగ్గరి బజారు మన కాలనీయే. బడి సంవత్సరం ముగిసి బదిలీలు మొదలయ్యే రోజుల్లో నోటీసు బోర్డు మీద చీటీలు కనిపిస్తాయి: కేన్ కుర్చీలు, పుస్తకాల అర, ఇనుప మంచం. సామాను తరలించడానికి ఇచ్చే ఖర్చుకు పరిమితి ఉంటుంది కాబట్టి, వెళ్లేవాళ్లు బరువైన వాటిని చవకగా వదిలేసి వెళతారు. ఆ వస్తువును ఎలా వాడారో మనం చూసే ఉంటాం. ఏం పాడైందో వాళ్లు దాచకుండా చెబుతారు.

కొనేముందు అయిదు పరీక్షలు

మొదటిది, బరువు. ఒక పక్క ఎత్తి చూడాలి. టేకు, మద్ది, పనస వంటి గట్టి కలపను అంచుల్లో, సొరుగు లోపల చూస్తే చెక్క గీతలు లోపలిదాకా కనిపిస్తాయి. పొట్టును జిగురుతో నొక్కి చేసిన పలక అంచు మాత్రం బిస్కెట్టులా పొడిపొడిగా ఉంటుంది. అది ఒకసారి తడిసి ఉబ్బితే మళ్లీ బాగుపడదు.

రెండోది, వెనక వైపు. ముందు భాగానికి పాలిష్ ఎవరైనా వేస్తారు. వెనక, అడుగున, సొరుగుల మూలల్లో అసలు పని కనిపిస్తుంది. ఒక చెక్క చివర నాలుకలా మలిచి మరో చెక్క రంధ్రంలోకి దూర్చిన అతుకులు ఉంటే వడ్రంగి మళ్లీ బిగించగలడు. ఒట్టి మేకులతో కొట్టిన వాటికి ఆయుష్షు తక్కువ.

మూడోది, పురుగు. చెక్కలో గుండుసూది తలంత రంధ్రాలుండి, కింద మెత్తటి పొడి కొత్తగా రాలి ఉంటే లోపల పురుగు బతికే ఉందని అర్థం. మట్టి గీతలుంటే చెదలు. అలాంటిది ఊరికే ఇచ్చినా వద్దు. అది ఇంటి దూలాలకూ పాకుతుంది. మంచాల సందుల్లో నల్లులున్నాయేమో కూడా చూడాలి.

నాలుగోది, కదలిక. కుర్చీని చదునైన నేలమీద పెట్టి ఊపాలి. అతుకు వదులైతే బిగించవచ్చు. కాలే చీలితే ఖర్చు ఎక్కువ.

అయిదోది, కొలత. పాత ఇళ్ల గుమ్మాలు పొట్టివి, ఇరుకువి. టేపుతో గుమ్మం వెడల్పు, ఎత్తు కొలిచి రాసుకోకుండా బీరువా కొంటే అది అరుగు మీదే ఉండిపోతుంది.

ముట్టుకోకూడనివి

కొన్ని వస్తువులు ఎంత అందంగా ఉన్నా కొనకూడదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన శిల్పాలు, చిత్రాలు, లోహ విగ్రహాలు వంటివి పురావస్తువుల కిందికి వస్తాయి. కొన్నిటిని నమోదు చేయించాలి. వాటితో వ్యాపారం చేసేవారికి లైసెన్సు ఉండాలి. గుడి నుంచి దొంగిలించిన విగ్రహం ఇలాంటి బజార్లకు చేరవచ్చు. పాత విగ్రహాల జోలికి వెళ్లకపోవడమే మంచిది. అదే ఏడాది వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టంవల్ల ఏనుగు దంతం, జింక కొమ్ములు, పులి చర్మం కొనడం నేరం.

మూడో జాగ్రత్త పాత రంగు. వెనకటి పెయింట్లలో సీసం ఎక్కువగా కలిసేది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించకూడదనే నియమం 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందు రంగు వేసిన కిటికీని పొడిగా గీకితే లేచే దుమ్ము పిల్లల మెదడుకు హాని చేస్తుంది. గీకడం తప్పనిసరైతే తడిపి, ముక్కుకు మాస్కు కట్టుకుని పెద్దవాళ్లే చేయాలి. పాత ఫ్యానుకో దీపానికో ఎలక్ట్రీషియన్ చేత కొత్త వైరు వేయించాకే ప్లగ్గు పెట్టాలి.

మన చేతులతో అయ్యే పనులు

మంచం చట్రం గట్టిగా ఉంటే కొత్త నవారు కొని అల్లుకోవచ్చు. ఒకరు లాగి పట్టుకుంటే ఇంకొకరు అల్లాలి. ఊళ్లో ఆ పని తెలిసిన పెద్దవాళ్లను అడిగితే ఒక పూటలో నేర్పుతారు. పడక కుర్చీకి మందపాటి గుడ్డ కుట్టించి రెండు కర్రలకు తొడిగితే చాలు.

నల్లబడ్డ ఇత్తడిని చింతపండు, ఉప్పుతో తోమితే మెరుస్తుంది. చింతపండులోని ఆమ్లం లోహంమీది ఆక్సైడ్ పొరను కరిగిస్తుంది. అయితే లోపల కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు వండకూడదు. పులుపు లోహాన్ని కరిగించి కూరలో కలుపుతుంది. కళాయి పోయినదాన్ని పూలకుండీగా వాడుకోవాలి, లేదా మళ్లీ కళాయి పోయించాలి.

ట్రంకు పెట్టెకు తుప్పు గీకించి రంగు వేయించి, మీద బొంత పరిస్తే కిటికీ దగ్గర కూర్చునే చోటు, లోపల దుప్పట్లకు చోటు రెండూ అమరుతాయి. పాత నూలు చీరలతో బొంత కుట్టడం మన ఊళ్ల అలవాటు. అదే విద్యకు బెంగాల్లో కాంథా అని, బీహార్లో సుజని అని, ఉత్తర కర్ణాటకలో కౌది అని పేరు. ఆ రాష్ట్రాల్లో ఉన్నప్పుడు మన పక్కింటివాళ్ల మంచాలమీద వీటిని చూసే ఉంటాం.

డబ్బు లెక్క

పాత వస్తువుకు చెప్పిన ధర అసలు ధర కాదు. దానికి బండి కిరాయి, వడ్రంగి కూలి కలపాలి. ఒక గదికి 6,000 రూపాయలు అనుకుంటే ఇలా పంచుకోవచ్చు: వెల్ల, బల్బులకు 2,000; అటక సామాను మరమ్మతుకు 1,500; కొనుగోలుకు 1,500; బండికి 600; అనుకోని ఖర్చుకు 400. ఊరినిబట్టి అంకెలు మారతాయి. కొనడానికి పెట్టేది మొత్తంలో పావు వంతు దాటకూడదన్న నియమం మాత్రం మారకూడదు. బేరం ఆడేటప్పుడు లోపం చూపించి మర్యాదగా అడగాలి. అమ్మేవారి కుటుంబానికి అదే జీవనాధారం.

ప్రతి ఊరి నుంచీ ఒకటి

గది సిద్ధమయ్యాక మన వంతు ఇంకొకటి ఉంది. ఆ ఇంట్లోని వస్తువులన్నీ తాతముత్తాతల కాలానివే అయితే మనం అక్కడ చుట్టాలమే. అందుకే బదిలీ అయిన ప్రతి ఊరి నుంచీ ఒక్క చిన్న వస్తువును ఆ ఇంటికి చేర్చుదాం. అస్సాంలో ఉంటే వెదురు బుట్ట, ఉత్తరప్రదేశ్‌లో ఖుర్జా దగ్గర ఉంటే పింగాణీ జాడీ, ఢిల్లీలో ఉంటే ఇంట్లో వాడి పాతబడిన రెల్లు మోడా. అడుగున చీటీ అంటించి ఊరి పేరు, సంవత్సరం రాద్దాం. నాయనమ్మ ఊరగాయ జాడీ పక్కన ఖుర్జా జాడీ నిలబడితే ఆ అరలో మన ఏళ్లకూ చోటు దొరుకుతుంది.

ఈ సెలవుల్లో ఇల్లంతా తలకెత్తుకోవద్దు. ఒక్క గదిని ఎంచుకుందాం. మొదటి రోజు చేతిలో టేపు, నోటుపుస్తకం, పక్కన తాతయ్య ఉంటే చాలు. అటకమీద ఉన్నవాటి పట్టీ పూర్తయ్యేదాకా పర్సు తీయవద్దు.