మామిడి వేళ్ళు, రాగి, శిలీంధ్రములు

నూజివీడు ప్రాంతము మామిడికి పెట్టినది పేరు. బంగినపల్లి, చిన్నరసము, తోతాపురి మున్నగు రకముల తోటలు ఇచ్చట తరతరములుగా సాగుచున్నవి. ఈ తోటలకు మచ్చతెగులు సోకినప్పుడు వాడు మందులలో రాగి కలిసినవి ముఖ్యమైనవి. బోర్డో మిశ్రమము, కాపర్ ఆక్సిక్లోరైడు అట్టివి. ఒక కిలో మైలుతుత్తము, ఒక కిలో సున్నము, 100 లీటర్ల నీరు తగు విధమున కలిపినచో నూటికి ఒక పాలు బోర్డో మిశ్రమము సిద్ధమగును. ఆకుమీద నిలిచిన రాగి తెగులు బీజములను మొలకెత్తనీయదు. ఇంతవరకు రైతులందరు ఎరిగినదే. ఆ రాగి తరువాత ఎచ్చటికి పోవుననునది ఇచ్చట విచారింపవలసిన విషయము.

కొంత వానకు కడుగబడి నేలపై పడును. మిగిలినది రాలిన ఆకుతోపాటు నేలనే చేరును. తరగతిలో విద్యార్థులచేత చేయింపదగిన చిన్న లెక్క యొకటి కలదు. ఎకరమునకు ఒకసారికి 400 లీటర్ల మిశ్రమము చల్లితిమనుకొందము. అందులో 4 కిలోల మైలుతుత్తము ఉండును. మైలుతుత్తపు బరువులో సుమారు నాలుగవ వంతు రాగి. అనగా ఒక కిలో. ఎకరము నేలలో పైనున్న 15 సెంటీమీటర్ల మట్టి దాదాపు 8½ లక్షల కిలోలు తూగును. కావున ఒక్కసారి చల్లినచో కిలో మట్టికి ఒక మిల్లీగ్రాము పైచిలుకు రాగి చేరినట్లగును. ఇది ఏపాటి అనిపించును. కాని ఏటికి రెండుసార్లు చొప్పున 25 ఏండ్లు చల్లినచో అది 50 మిల్లీగ్రాములు దాటును. ఐరోపా సమాజ దేశముల నేలలను పరీక్షించి 2018లో ప్రకటించిన లెక్కలలో అన్ని నేలల సగటు రాగి కిలోకు సుమారు 17 మిల్లీగ్రాములు కాగా, ద్రాక్షతోటల సగటు 49 అని తేలినది. ఆ తోటలలో బోర్డో మిశ్రమము నూరేండ్లకు పైగా వాడుకలో ఉండుటయే దీనికి ముఖ్యకారణము.

సేంద్రియ పదార్థములవలె రాగి కుళ్ళిపోదు, విరిగిపోదు. పండ్లతోపాటు తోట వెడలిపోవు రాగి అత్యల్పము. ఈ ఖాతాలో జమయే గాని ఖర్చు దాదాపు లేదు. రాగి మొక్కకు కొంచెము కావలసినదే. మితిమీరిననాడు మాత్రము అది మొదట లేతవేళ్ళను దెబ్బతీయును. వేరు కురుచయై, మొద్దుబారి, కొమ్మలు వేయజాలకపోవును. నేల ఆమ్లగుణము కలదైనచో రాగి హెచ్చుగా కరగును గనుక హాని కూడ హెచ్చును.

అయినను వేరు నేలలో ఒంటరిగా లేదు. దానికొక తోడు కలదు. అది శిలీంధ్రము.

బోర్డో మిశ్రమమును గూర్చి ఫ్రాన్సు దేశపు మిలార్డే లోకమునకు తెలిపినది 1885లో. అంతకుముందు బాటప్రక్కనున్న ద్రాక్షగుత్తులను దొంగలు కోయకుండుటకై రైతులు వానిపై మైలుతుత్తమును సున్నమును పూసెడివారు. అట్లు పూసిన తీగెలకు తెగులు సోకకపోవుట ఆయన కంటబడినది. సరిగా ఆ 1885లోనే జర్మనీలో ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ అను వృక్షశాస్త్రజ్ఞుడు చెట్ల వేళ్ళను శిలీంధ్రపు పోగులు అంటిపెట్టుకొని జీవించుటను వర్ణించి, ఆ జోడుకు మైకోరైజా అని పేరిడెను. శిలీంధ్రవేరు అని దాని అర్థము. శిలీంధ్రమును చంపు మందును, చెట్టును పోషించు శిలీంధ్రమును ఒకే యేట ప్రసిద్ధికెక్కుట విచిత్రమే.

ఈ జోడులు పెక్కు విధములు. దేవదారు జాతికి చెందిన పైను, యూకలిప్టసు మున్నగు వృక్షముల వేరుకొనలకు శిలీంధ్రము తొడుగువలె ఏర్పడును. లోపలి కణములలో మాత్రము చొరబడదు. మామిడి, వేప, టేకు, జొన్న, ఉల్లి మొదలగువాని విషయము వేరు. వీని వేరుకణముల గోడలను దాటి శిలీంధ్రము లోపలికి పోయి, అచ్చట చిన్న చెట్టువలె శాఖోపశాఖలుగా చీలును. ఈ శాఖలవద్దనే ఇచ్చిపుచ్చుకొనుట జరుగును. ఎండలో ఆకు తయారుచేసిన చక్కెరలు, కొవ్వులు శిలీంధ్రమునకు చేరును. శిలీంధ్రము నేలనుండి తెచ్చిన భాస్వరము చెట్టుకు చేరును. ఈ స్నేహము నిన్న మొన్నటిది కాదు. స్కాట్లండులోని రైనీ వద్ద దొరికిన సుమారు 40 కోట్ల సంవత్సరములనాటి మొక్కల శిలాజములలో కూడ ఇట్టి శాఖలు కనుపించినవి.

శిలీంధ్రపు పోగు వేరురోమము కంటె సన్నము. వేరు చొరలేని మట్టిసందులలో అది చొచ్చుకొనిపోవును. భాస్వరమువలెనే జింకు, రాగి కూడ నేలలో మెల్లగా కదలునట్టివి. వేరు తన చుట్టునున్న దానిని పీల్చుకొన్న పిదప దూరమున ఉన్నది తనంతట రాదు. పోగులు పోయి దానిని తెచ్చును. జింకు కొరతగల తోటలకు ఇది గొప్ప మేలు.

ఇచ్చట విద్యార్థికి ఒక సందేహము కలుగవలెను. లోహమును తెచ్చియిచ్చు శిలీంధ్రము, లోహము మితిమీరిన నేలలో మరింత తెచ్చి చెట్టును చంపవలెను గదా? సాధారణముగా జరుగునది దీనికి భిన్నము. 1981లో ఇంగ్లండులోని షెఫీల్డు విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు డేవిడ్ రీడ్ మొదలగువారు హెదర్ అను చలిదేశపు పొదను రాగి, జింకు హెచ్చుగా నున్న మాధ్యమములో పెంచి చూచిరి. శిలీంధ్రము లేని మొక్కలు హెచ్చు మోతాదుల కోర్వలేకపోయినవి. శిలీంధ్రము గలవి పెరిగినవి. పరీక్షింపగా, వాని వేళ్ళలో లోహము ఎక్కువగాను, ఆకుకొమ్మలలో తక్కువగాను ఉన్నట్లు తేలినది. హెదర్ శిలీంధ్రము మామిడి శిలీంధ్రము వంటిది కాదు. అయినను లోహమును వేళ్ళవద్దనే నిలిపివేయుట మామిడికి తోడైన వర్గపు శిలీంధ్రములలో కూడ పలుమారు గమనింపబడినది.

నిలిపివేయు విధానము ఒక్కటి కాదు. పోగుల గోడలలో కైటిన్ మొదలగు పదార్థములు కలవు. రాగి అయానులు వానికి అంటుకొని అచ్చటనే ఉండిపోవును. గోడను దాటి లోపలికి పోయిన రాగిని గంధకము గల చిన్న ప్రొటీనులు పట్టుకొనును. కొంత లోహము కణములోని రిక్తికలలో బంధింపబడును. చిలీ దేశమున రాగి కర్మాగారముల వలన చెడిన నేలల శిలీంధ్రములపై పరిశోధించినవారు 2013లో మరియొక వింతను ప్రకటించిరి: శిలీంధ్రము కొన్ని సిద్ధబీజములలో రాగిని దాచగా, అవి నీలము కలిసిన ఆకుపచ్చ రంగునకు మారినవి. కొన్ని బీజములను లోహపు కొట్లుగా మార్చి తక్కిన పోగులను తేలికపరచుకొనుట దీని భావమని వారి ఊహ. వీనికి తోడు, భాస్వరము చక్కగా అందిన చెట్టు బలముగా పెరుగును గనుక అదే పరిమాణపు లోహము పెద్ద శరీరములో పలుచబడిపోవును. ఈ చివరి కారణమును తేలికగా తీసివేయరాదు.

అయితే శిలీంధ్రము మంత్రగాడు కాదు. అది లోహమును నాశనము చేయదు. చోటు మాత్రము మార్చును. పైగా శిలీంధ్రములన్నియు సమానముగా ఓర్వలేవు. బెల్జియములో జింకు కర్మాగారముల దాపున నున్న పైను చెట్ల శిలీంధ్రములు, దూరముననున్న అదే జాతి శిలీంధ్రముల కంటె ఎక్కువ జింకును ఓర్చుకొనుచున్నట్లు కనుగొనబడినది. చెడిన నేలలోనే ఓర్పుగల వంశములు నిలిచినవన్నమాట. కనుక ఎచ్చటినుండియో తెచ్చిన పొడిని చల్లుటకంటె, అదే నేలలో బ్రతికి బట్టకట్టిన మొక్కల వేళ్ళతోడి మట్టిని నారుమడికి వాడి చూచుట మేలు కావచ్చును.

తోటకు సంబంధించిన చిక్కు ఇంకొకటి కలదు. రాగికి తెగులు శిలీంధ్రమని, మేలుచేయు శిలీంధ్రమని భేదము తెలియదు. నేలలో రాగి హెచ్చినకొలది వేళ్ళలోని స్నేహితులు తగ్గుట సహజము. ఓర్పుగలవి కొన్ని మిగులును. కాబట్టి తెగులు లేకున్నను అలవాటుగా చల్లుట, మిగిలిన మందును పాదులలో పారబోయుట, ఈ రెండును కాపలావాని చేతులు కట్టివేయుటయే. సూపర్‌ఫాస్ఫేటును అతిగా వేయుట కూడ అట్టిదే: భాస్వరము ధారాళముగా దొరకునప్పుడు చెట్టు శిలీంధ్రమును పోషించుట తగ్గించును. తోట వరుసల నడుమ పెసర, జనుము వంటివి చల్లినచో వాని వేళ్ళపై శిలీంధ్రము ఏడాది పొడుగున జీవించి యుండుటకు వీలగును.

లోహపు కాలుష్యమనగానే అగ్నిగుండాలకు చేరువనున్న బండలమోటు సీసపు గని వంటి తావులు స్మరణకు వచ్చును. గనుల వ్యర్థపు గుట్టలపై చెట్లు పెంచునప్పుడు శిలీంధ్రము తోడున్న నారునాటుట ప్రయోజనకరము. దుమ్ము రేగదు, వానకు మట్టి కొట్టుకొనిపోదు. కాని లోహము ఆ నేలలోనే ఉండునని మరువరాదు. అట్టిచోట ఆకుకూరలు పండింపరాదు.

ఈ శిలీంధ్రమును ఉన్నత పాఠశాలలోనే చూడవచ్చును. జొన్న లేక ఉల్లి సన్నవేళ్ళను కడిగి, నూటికి 10 పాళ్ళ పొటాషియం హైడ్రాక్సైడు ద్రావణములో వేళ్ళు తెల్లబడువరకు ఉడికింపవలెను. ఇది చర్మమును కాల్చునది. ఈ పని ఉపాధ్యాయుడే కన్నులకు అద్దములు, చేతులకు తొడుగులు ధరించి చేయవలెను. నీటితో బాగుగా కడిగి, నూటికి 5 పాళ్ళ కలముసిరా కలిపిన తెల్లని వినిగరులో మూడు నిమిషములు కాచి, కొన్ని చుక్కల వినిగరు వేసిన నీటిలో కొంతసేపు ఉంచవలెను. తరువాత పలుచని గాజుపలకపై నొక్కి సూక్ష్మదర్శినిలో చూచినచో, వెలిసిన కణముల నడుమ సిరారంగు పోగులు, అచ్చటచ్చట చిన్న చెట్టువంటి శాఖలు కనుపించును. ప్రక్కనే ఆవమొక్క వేరును కూడ ఇట్లే సిద్ధపరచి పోల్చిచూడవలెను. ఆవ, క్యాబేజి కుటుంబపు మొక్కలు ఈ స్నేహమును చేయవు. వాని వేళ్ళలో ఈ చిన్న చెట్లు కానరావు.