రూపాయికి మార్కులు



ముంబయిలో గ్రాంట్ రోడ్ స్టేషన్ దిగి కామాఠీపుర వైపు నడిస్తే, నంబర్లు వేసిన గల్లీలు వస్తాయి. నిజాం రాజ్యం నుంచి కూలికి వెళ్లి ఆ నగరానికి రాళ్లు మోసిన మనవాళ్లను అక్కడ కామాఠీలు అన్నారు. ఆ పేటకు వారి పేరే నిలిచింది. మీలో చాలామందికి అక్కడి చాల్ ఇళ్లలో చుట్టాలుంటారు. ఆ ఇళ్ల ట్రంకు పెట్టెల్లోనూ, ఇక్కడి మన పెట్టెల్లోనూ అడుగున ఒకే రకం మూట దొరుకుతుంది. గుడ్డలో కట్టిన వెండి రూపాయలు! కొన్ని ఇంగ్లీషు రాజు బొమ్మవి, కొన్ని చార్మినార్ బొమ్మవి.

అలాంటి మూట ఒకటి మా చిన్నమ్మ విప్పింది. ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చి, ఖర్చులకు అమ్ముదామనుకున్నది. కొనేవారికి బాగా కనబడాలని చింతపండు, బూడిద పెట్టి తళతళలాడేలా తోమింది. కొనే పెద్దమనిషి ఒకటి దీపం కింద తిప్పి చూసి, "అమ్మా, నిన్న తెచ్చి ఉంటే నాణెం ధర ఇచ్చేవాణ్ణి, ఇవాళ వెండి ధరే" అన్నాడు. గుడ్డ మడతలో ఉండిపోయి తోముడు తప్పించుకున్న ఒక్క నల్ల రూపాయిని మాత్రం విడిగా పెట్టాడు. తక్కిన వాటన్నిటికంటే దానికే ఎక్కువ పలికింది.

ఎందుకు? 1939 దాకా వచ్చిన ఇంగ్లీషు రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా ఒక తులం. అందులో వెండి దాదాపు 92 పాళ్లు. కనుక తక్కెడలో వేస్తే దానికి వెండి ధర ఎలాగూ ఉంటుంది. ఆ పైన వచ్చేదంతా రెండు సంగతుల వల్ల వస్తుంది: ఆ రకం ఎంత అరుదు, ఈ నాణెం ఎంత చెడకుండా ఉంది. రెండోదాన్ని మీరే ఇంట్లో చూసుకోవచ్చు.

మెత్తని గుడ్డ పరచి, నాణేన్ని అంచులతో పట్టుకోండి. ముఖం మీద వేలు పెట్టకండి. ఒకే దీపం కింద ఏటవాలుగా చూడండి. అరుగుదల ఎప్పుడూ ఎత్తైన చోటే మొదలవుతుంది. ఐదవ జార్జి రూపాయిలో కిరీటం, మీసం, చెవి, ఛాతీ మీది గొలుసులో ఉండే చిన్న ఏనుగు చూడాలి. విక్టోరియా రాణి రూపాయిలో చెంప, జుట్టు పాయలు చూడాలి. చార్మినార్ రూపాయిలో నడిమి ద్వారంలో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. 'మీమ్' అయితే మహబూబ్ అలీ ఖాన్ కాలానిది, 'ఐన్' అయితే ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిది. ఆ అక్షరం, మీనార్ల సన్నని గీతలు స్పష్టంగా ఉన్నాయా లేదా గమనించండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. చార్మినార్ నాణేలకు ముందు, సుత్తితో కొట్టిన పాత హాలీ సిక్కాల మీద అక్షరాలు సగమే కనిపిస్తాయి. అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది కావడమే కారణం. అది టంకసాలలో పుట్టిన లోపమే గాని అరుగుదల కాదు. ఉన్న అక్షరాలు పదునుగా ఉంటే ఆ నాణెం మంచిదే.

తరువాత మెరుపు. అచ్చు దెబ్బకు లోహం పరుచుకున్నప్పుడు కంటికి ఆనని సన్నని చారలు ఏర్పడతాయి. కొత్త నాణేన్ని తిప్పితే వెలుగు బండిచక్రం ఆకుల్లా తిరగడం వాటివల్లే. బూడిదతో తోమితే ఆ చారలు పోయి గీతలు మిగులుతాయి. పోయిన మెరుపు మళ్లీ రాదు. గాలిలోని గంధకం వల్ల వెండికి పట్టిన నలుపు మాత్రం చాలాసార్లు దోషమే కాదు.

ఇక మార్కులు. 'గుడ్' అంటే మంచిదని మురిసిపోకండి. నాణేల భాషలో అది బాగా అరిగినదని అర్థం! దాని పైన వెరీ గుడ్, ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్, చివర చేతులు మారని అన్‌సర్క్యులేటెడ్. అమెరికాలో విలియం షెల్డన్ 1949లో ఒకటి నుంచి డెబ్భై దాకా అంకెల పద్ధతి పెట్టారు. అరవై, ఆపైన ఉన్నవి వాడకంలో అరగనివి. దండ కోసం టంకం వేసిన, రంధ్రం పొడిచిన రూపాయిలకు ఈ మార్కులు సాధారణంగా దక్కవు.

బడిలో పేపర్లు దిద్దే మాకు ఒక సంగతి తెలుసు. సొంత పిల్లవాడి పేపరుకు చేయి ధారాళంగా పడుతుంది. నాణెం సొంతదారు ఒక మెట్టు ఎక్కువ చూస్తాడు, కొనేవాడు ఒక మెట్టు తక్కువ చూస్తాడు. అందుకని ఇద్దరు ముగ్గురికి చూపించి, ఆ తరువాతే బేరం చేయండి. నాణెం ముఖం చూడకుండానే ఫోనులో లక్షలిస్తామని, ముందుగా కమిషన్ కట్టమని అడిగేవారుంటారు. అలాంటివారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021లోనే హెచ్చరించింది.

మీ ఇంట్లోనూ అలాంటి మూట ఉంటే విప్పి చూడండి, దీపం కింద తిప్పి చూడండి. చింతపండు మాత్రం పులుసుకే ఉంచండి.

సెలవు.