అలవాటయిందంటే చెవి గట్టిపడిందని కాదప్పా

వినాయకుని నిమజ్జనం అయిన తెల్లారి తలుపుల్లో ఏ టీ అంగడి కాడ నిలబడినా ఈ మాట వినపడతాది. "ఏంరా, చెవుల్లో ఇంకా గుయ్యిమంటానే ఉండాది" అంటాడు ఒకడు. "ఫస్టు టైమ్ గదా, అట్లే ఉంటాది. ఇంకో రెండు డీజేలకు ఎగిరితే అలవాటైపోతాది లే" అంటాడు పక్కనోడు. ముందురోజు రేత్రి ఇద్దరూ బాక్సుల ముందర ఎగిరినోళ్లే. నవ్వుకుంటారు, టీ తాగుతారు, ఎవరి పనికి వాళ్లు పోతారు.

ఆ రెండోవాని మాటలోనే మోసం ఉండాది. చెప్పులు లేకుండా నడిస్తే అరికాలు గట్టిపడతాది. దినామూ పార పడితే అరిచేయి కాయ కాస్తాది. చెవికి మాత్రం కాయ కాసే గుణం లేదు. మొదట్లో నొప్పి అనిపించిన సౌండు ఇప్పుడు మామూలుగా అనిపిస్తాండాదంటే, చెవిలో కొంత శక్తి పోయిందేమో అని అనుమానపడాల. ఈ ఒక్క ముక్క అర్థమైతే మిగతాదంతా సులభం.

డీజేకి ఎగరొద్దని చెప్పడానికి ఇది రాయలేదు. మనకు ఏడాదికి వచ్చే పండగలే నాలుగు. కదిరి నరసింహస్వామి తేరు, ఊరి జాతర, వినాయక చవితి, సావాసగాని పెండ్లి. వాటిల్లో ఎగరకుండా ఎట్ల ఉంటాం? ఎగురుతూనే చెవులు ఎట్ల కాపాడుకోవాలో చూద్దాం.

అంత గట్టిగా ఉంటేనే మజా ఎందుకు?

డీజే బేసు కొట్టినప్పుడు పాట చెవుల్లో కంటే గుండెల్లో, కడుపులో వినపడతాది. అది ఊరికే అనిపించడం కాదు. లావు సౌండు గాలిని నిజంగానే నెడతాది, ఆ దెబ్బ ఒంటికి తగలతాది. మన లోపలి చెవిలో వినే భాగం పక్కనే ఒంటి సమతూకం చూసుకునే భాగం కూడా ఉంటాది. బాగా గట్టి బేసు దాన్ని కూడా కదిలిస్తాదని పరిశోధకులు చెప్తారు. ఉయ్యాల ఊగినప్పుడు వచ్చే హుషారు లాంటిదే ఇదీనూ. అందుకే "ఇంకా పెంచన్నా" అని అరుస్తాం.

మన పక్కోళ్లు శానామంది బెంగళూరులో పనిచేస్తాండారు. వాళ్లలో రాక్ షోలకు పోయేటోళ్లు కూడా ఉండారు. అక్కడి ప్యాలెస్ గ్రౌండ్స్‌లో 2007 మార్చిలో ఐరన్ మెయిడెన్, 2011 అక్టోబరులో మెటాలికా వచ్చి వాయించినారు. ఆ స్టేజీ ముందర నిలబడినా, మన వీధిలో ఐచర్ బండి మీద కట్టిన బాక్సుల ముందర నిలబడినా చెవికి జరిగేది ఒకటే. ఇది గిటారు సౌండా, తీన్మార్ సౌండా అని చెవి చూడదు. ఎంత గట్టిగా, ఎంతసేపు అనేదే దాని లెక్క.

ఆ లెక్క తప్పితే ఏమైతాదో రాక్ వాయించినోళ్ల కథలే చెప్తాయి. ఇంగ్లండులో 'ది హూ' అనే బ్యాండు 1976లో ఒక షో చేసింది. స్పీకర్లకు 32 మీటర్ల దూరంలో కొలిస్తే 126 డెసిబెల్స్ వచ్చింది, గిన్నిస్ బుక్కులో ఎక్కింది. తర్వాత గిన్నిస్ వాళ్లు ఆ పోటీనే ఎత్తేసినారు, జనం చెవులు పోగొట్టుకుంటారని. ఆ బ్యాండు గిటారిస్టు పీట్ టౌన్షెండ్ ఏండ్ల తరబడి చెవిలో మోతతో, చెవుడుతో బాధపడతాండాడు. స్టూడియోలో హెడ్‌ఫోన్లు పెట్టుకొని గట్టిగా వినడం కూడా తన చెవులు తీసిందని ఆయనే చెప్పినాడు. ఏసీ/డీసీ బ్యాండు పాటగాడు బ్రయన్ జాన్సన్‌కు 2016లో డాక్టర్లు "ఇట్లే పాడితే మొత్తం చెవుడు వస్తాది" అని చెప్తే, టూరు మధ్యలోనే దిగిపోయినాడు. మన దేశంలో 2024 జూన్‌లో గాయని అల్కా యాగ్నిక్ తనకు చెవి నరం దెబ్బతినిందని చెప్పుకునింది. ఆమెకు వచ్చింది వైరస్ వల్ల. అయినా ఆ మాటతోపాటే, గట్టి మ్యూజిక్కుతో, హెడ్‌ఫోన్లతో జాగ్రత్త అని వయసు పిల్లోళ్లకు చెప్పింది.

చెవి లోపల పెరిగే చేను

చెవి లోపల నత్తగుల్ల మాదిరి చుట్టుకొని ఉండే ఒక భాగం ఉండాది. దాని పేరు కాక్లియా. దాంట్లో ఒక్కో చెవికి సుమారు 15 వేల కణాలు వరసగా నిలబడి ఉంటాయి. వాటి తలల మీద సన్న వెంట్రుకల్లాంటివి ఉంటాయి. సౌండు వచ్చినప్పుడు గాలికి కొర్రచేను ఊగినట్ల అవి ఊగుతాయి. ఆ ఊపు కరెంటుగా మారి నరం గుండా మెదడుకు పోతాది. అదే వినడం.

మామూలు గాలికి చేను వాలినా మళ్లీ లేస్తాది. దాంట్లో ఎద్దులు పడి తొక్కితే కొన్ని పైర్లు లేస్తాయి, కొన్ని లేవవు. అదే చేన్లో మళ్లీ మళ్లీ తొక్కితే అక్కడ బాట పడిపోతాది. గట్టి సౌండు చేసే పని ఇదే. డీజే అయినాక చెవులు దిబ్బడ పడినట్ల ఉండడం, గుయ్యిమనడం, ఎదుటోళ్ల మాట దూరంగా వినపడడం, అంతా చేను వాలిపోయిందని చెప్పే గుర్తులే.

ఒకటి రెండు రోజులకు తగ్గిపోతాది గదా అంటారు. అక్కడే ఇంకో సంగతి ఉండాది. 2009లో అమెరికాలోని బోస్టన్‌లో ఇద్దరు శాస్త్రవేత్తలు చిట్టెలుకలకు గట్టి సౌండు వినిపించి చూసినారు. కొద్దిరోజులకు వాటి వినికిడి మామూలుకు వచ్చింది, పరీక్షలో అంతా బాగుందనే చూపించింది. లోపల కోసి చూస్తే మాత్రం కణాలను నరానికి కలిపే పోగుల్లో శానా తెగిపోయి ఉన్నాయి. అంటే గుయ్యి తగ్గిందని చెవి మొత్తం బాగైందని అనుకోడానికి లేదు.

ఇంకో విచిత్రం చెప్తా. కోడికి ఈ కణాలు పోతే మళ్లీ మొలుస్తాయి. ఈ సంగతి 1980ల చివర్లో కనిపెట్టినారు. మనిషికి మాత్రం మొలవవు. పుట్టినప్పుడు వేసిన విత్తనమే, రెండో పంట లేదు.

పోయేది కూడా మొదట సన్న సౌండ్లు. ముందు కీచురాళ్ల అరుపు, పిట్టల కూత తగ్గుతాయి. తర్వాత మాటల్లో స, చ, త, క లాంటి అక్షరాలు జారిపోతాయి. మనిషి మాట్లాడేది వినపడతాది, ఏమన్నాడో తెలీదు. ఇంట్లో ఇద్దరే ఉంటే పర్వాలేదు. బస్టాండులో, పెండ్లిలో, పది మంది మధ్యలో మాత్రం "ఆఁ? ఏందీ?" అని అడగతానే ఉండాల. ముప్పై ఏండ్లకే "చెవిటోడు" అని పేరు పడితే ఎట్లుంటాదో ఆలోచించండి. ఆర్మీకి పోవాలని పొద్దున్నే రోడ్డు మీద పరిగెత్తే తమ్ముళ్లు ఒక సంగతి గుర్తు పెట్టుకోండి. అక్కడ మెడికల్‌లో వెనక్కి తిరిగి నిలబడి, దాదాపు 6 మీటర్ల దూరం నుంచి చెప్పే గుసగుసను ఒక్కో చెవితో వినాల. కాళ్లు గెలిచినా చెవులు ఓడిపోవచ్చు.

టైము లెక్క

సౌండును డెసిబెల్స్‌లో కొలుస్తారు. మామూలు మాట 60 దగ్గర ఉంటాది. 85 డెసిబెల్స్ సౌండులో రోజుకు 8 గంటల దాకా ఉండొచ్చని పనిచేసే చోట్లకు ఒక కొలత పెట్టుకున్నారు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కు టైము సగమైతాది. 88 అయితే 4 గంటలు, 91కి 2 గంటలు, 94కి ఒక గంట, 97కి అర్ధగంట, 100కి పావుగంట. 106 అయితే నాలుగు నిమిషాలు కూడా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో మ్యూజిక్ షోలకు ఒక ప్రమాణం రాసింది, సౌండు సగటున 100 డెసిబెల్స్ దాటకూడదని. బాక్సుల ముందర నిలబడితే ఇది సులభంగా దాటిపోతాది. ఊరేగింపేమో గంటల తరబడి సాగుతాది.

మీటరు లేదా? చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో ఉన్నోనితో మాట్లాడడానికి అరవాల్సి వస్తాంటే, అప్పటికే ప్రమాదం సౌండులో ఉన్నట్ల లెక్క.

ఇంకో మాట. చెవికి ఉండేది ఒకటే ఖాతా. పగలంతా బోరు బండి మీదనో, ట్రాక్టరు మీదనో, ధర్మవరంలో పవర్‌లూమ్ మగ్గాల మధ్యనో ఉండి, బస్సులో ఇయర్‌ఫోన్లు ఫుల్లుగా పెట్టుకొని, రేత్రికి డీజే కాడికి పోతే అన్నీ ఒకే పద్దులో పడతాయి. అందరికంటే జాస్తి నష్టం డీజే బండి మీద కూచునే ఆపరేటర్లకు, వాళ్లకు సాయంగా పోయే పిల్లోళ్లకు. మనకు అది ఏడాదికి నాలుగు రేత్రులు, వాళ్లకు సీజనంతా అదే పని.

ఏం చేయాల?

దూరం జరగండి. ఖాళీ జాగాలో బాక్సుకు ఉన్న దూరాన్ని రెండింతలు చేస్తే సుమారు 6 డెసిబెల్స్ తగ్గతాది. బాక్సుకు 2 మీటర్ల కాడ 106 ఉంటే, 8 మీటర్ల కాడ 94 ఉంటాది. అంటే నాలుగు నిమిషాలు కూడా లేని టైము గంటకు పెరిగింది. ఇరుకు వీధుల్లో గోడలకు కొట్టుకొని అంత తగ్గదు, అయినా పనికొస్తాది. బాక్సులకు ఎదురుగా కాకుండా పక్కనో, వెనకనో ఎగరండి.

చెవులకు రెస్టు ఇయ్యండి. గంటకోసారి పది నిమిషాలు పక్క సందులోకి పోయి నీళ్లు తాగి రండి.

ఇయర్‌ప్లగ్ పెట్టుకోండి. ఫోమువి మెడికల్ షాపుల్లో, ఆన్‌లైన్లో దొరకతాయి, సినిమా టికెట్టు కంటే తక్కువే. పెట్టుకునే పద్ధతి ముఖ్యం. వేళ్లతో వత్తి బీడీ మాదిరి సన్నగా చుట్టాల. ఇంకో చెయ్యి తల వెనక నుంచి తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగాల. లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకోవాల. ఊరికే చెవి మూతికి అంటిస్తే డబ్బీ మీద రాసిన దాంట్లో సగం కూడా ఫలం రాదు. పాట మసకబారకుండా సౌండు మాత్రం తగ్గించే మ్యూజిక్ ప్లగ్స్ కూడా ఉంటాయి, రవ్వంత ధర జాస్తి. దూది మాత్రం నమ్ముకోవద్దు, అది ఆపేది శానా తక్కువ. ఏమీ లేనప్పుడు రెండు వేళ్లు చెవుల్లో పెట్టుకోవడమే మేలు. "ఏంరా ముసలోడా" అని ఎవడన్నా నవ్వితే చెప్పండి, స్టేజీ మీద వాయించేటోళ్లే చెవులకు అడ్డం పెట్టుకుంటారని.

చంటిబిడ్డలను ఎత్తుకొని బాక్సుల దగ్గరికి పోవద్దు. చెవులు నొస్తాండాయని వాళ్లు చెప్పలేరు.

గుయ్యి రెండు రోజులు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించి, వినికిడి పరీక్ష చేయించుకోవాల. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకుండా పోతే ఆ రోజే పోవాల. మందులు తొందరగా మొదలుపెడితేనే ఫలం ఉంటాది, వారాలు గడిస్తే శానావరకు ఉండదు. ఇంట్లో నూనె కాంచి పోసుకోవద్దు.

చెవులు మూసుకోలేనోళ్ల సంగతి

పైన చెప్పిందంతా మనం మన కోసం చేసుకునేది. ఆ వీధిలో మంచం మీద ఉండే ముసలాయన పక్కకు జరగలేడు గదా. బాలింత, పరీక్ష ఉన్న పాప, గుండె జబ్బు మనిషి, వీళ్లంతా మనం పెట్టిన సౌండును ఇంట్లో కూచొని భరించాల. చట్టం వీళ్ల కోసమే ఉండాది. 2000లో కేంద్రం తెచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇండ్లుండే చోట పగలు 55, రేత్రి 45 డెసిబెల్స్ హద్దు. రేత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. పండగలకు ప్రభుత్వం 12 గంటల దాకా సడలింపు ఇయ్యొచ్చు, అదీ ఏడాదికి 15 రోజులకు మించి కాదు. 2005లో సుప్రీంకోర్టు కూడా ఈ నిబంధనలను గట్టిగా అమలు చేయమని చెప్పింది. హైదరాబాదులో 2024 అక్టోబరులో పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలనే నిషేధించినారు.

మన ఊర్లో అంతదాకా రాకముందే మనమే సర్దుకుంటే మేలు. చందాలు వసూలు చేసేది మనమే, డీజేకు అడ్వాన్సు ఇచ్చేదీ మనమే. అడ్వాన్సు ఇచ్చేటప్పుడే మూడు మాటలు ఖాయం చేసుకోండి. బాక్సులు తక్కువ కట్టాల, ఆసుపత్రి కాడ, బడి కాడ ఆపేయాల, 10 గంటలకు బంద్ చేయాల. మిగిలిన దుడ్లతో ఉరుములోళ్లను, పలకలోళ్లను పిలిపించండి. ఉరుములు మన అనంతపురం సీమ కళ, ఆ కళాకారులకు నాలుగు మెతుకులు దొరకతాయి. ఉరుము, పలక దగ్గర్నుంచి వింటే అవీ గట్టిగానే ఉంటాయి, కాదనను. అయితే చేతులు నొస్తే ఆపుతారు. జనరేటరుకు చేతులు నొయ్యవు.

ఈసారి పండగ అయినాక ఒక పని చేయండి. రేత్రి భోంచేసి చేను గట్టు మీదికి పోయి గమ్మున కూచోండి. కీచురాళ్లు ముందటి మాదిరే వినపడతాండాయా? పక్కనున్న చిన్న పిల్లోన్ని కూడా అడగండి, వానికి వినపడేది మీకూ వినపడతాండాదా అని. తేడా ఉంటే, చెవికి అలవాటైందని సంబరపడొద్దు. మరుసటి రోజే పోయి డాక్టరుకు చూపించుకోండి.