అన్నప్రాశన – తొలి ముద్ద, మలి ముద్ద



మన ఇండ్లలో పసిబిడ్డలకు జరిగే శుభకార్యాలలో అన్నప్రాశన మిక్కిలి ముచ్చటైనది. దేవుని ముందు దీపం, వెండి గిన్నెలో పాయసం, మేనమామ ఒడిలో కొత్తబట్టలు కట్టిన బిడ్డ. పెద్దలు బంగారు ఉంగరాన్ని పాయసంలో అద్ది బిడ్డ నాలుకకు తాకిస్తారు. బిడ్డ మొగం చిట్లించినా నవ్వే, పెదవి చప్పరించినా నవ్వే. అక్షతలు పడతాయి, హారతి అవుతుంది, బంధువులు భోజనాలు చేసి వెళతారు. ఇంతవరకు అందరికీ తెలిసినదే. మరునాటి ఉదయం ఆ బిడ్డ ఏమి తిన్నది? నేడు మనం విచారించదలచినది ఆ ప్రశ్ననే.

కొన్నేండ్ల క్రిందట మా ఆలయ మంటపంలో ప్రవచనం ముగిసిన పిమ్మట ఒక పెద్దమ్మగారు మా వద్దకు వచ్చారు. వెనుకనే బిడ్డను ఎత్తుకొని కోడలు నిలుచున్నది. "స్వామీ, మనుమరాలికి అన్నప్రాశన చేయాలి, మంచి ముహూర్తం చూసి చెప్పండి" అన్నారు. ఎన్నో నెల అని అడిగాము. తొమ్మిది నిండవస్తున్నవట. ఆరు నిండేసరికి శుక్రమూఢం వచ్చినదని ఆగారు. మూఢం వెళ్ళినాక, గల్ఫులో ఉన్న తండ్రి సెలవుపై వస్తాడని ఆగారు. సెలవు దొరకలేదు.

"మరి ఇన్నాళ్ళూ బిడ్డకు ఏమి పెడుతున్నారమ్మా?" అన్నాము.

"ప్రాశన కానిదే మెతుకు ఎట్లా పెడతాం స్వామీ? తల్లిపాలే" అన్నారావిడ.

కోడలు ఒక్క మాటా అనలేదు. చేతిసంచిలో నుండి అంగన్‌వాడీ వారు ఇచ్చిన తూకపు కార్డు తీసి మా ముందు ఉంచినది. ఆరవ నెల దాకా పైకి ఎగబ్రాకిన గీత, అక్కడి నుండి అడ్డంగా సాగిపోయి ఉన్నది. ఆ గీత చూచిన తరువాత పంచాంగం తెరవవలసిన అవసరం మాకు కలగలేదు. మరునాటి ఉదయమే స్వామి సన్నిధిలో ఆ బిడ్డకు అన్నప్రాశన జరిగినది.

ఆ పెద్దమ్మగారిని తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆమె శాస్త్రానికి భయపడినది, అంతే. శాస్త్రం ఏమి చెప్పినదో తెలియజెప్పవలసిన మాబోటి వారు సకాలంలో చెప్పకపోవడమే అసలు లోపం. అది ఇప్పుడైనా తీర్చుకొనవలె.

కాలం ఏది?

మన షోడశ సంస్కారాలలో అన్నప్రాశన ఒకటి. తెలుగునాట పెక్కు కుటుంబాలు అనుసరించే ఆపస్తంబ గృహ్యసూత్రం ఈ సంస్కారానికి జన్మించిన ఆరవ మాసాన్ని విధించినది. సుశ్రుతసంహిత కూడా ఆరవ నెలలోనే బిడ్డకు తేలికైన, హితమైన అన్నం ఇమ్మన్నది. కాశ్యపసంహిత ఆ నెలలో పండ్లు తినిపించే ఫలప్రాశనాన్ని పేర్కొన్నది. మగబిడ్డకు సరి నెలలో, ఆడబిడ్డకు బేసి నెలలో చేయడం మన ఇండ్లలోని ఆచారం.

నేటి వైద్యులు చెప్పేదీ దాదాపు ఇదే. మొదటి 6 నెలలు, అనగా సుమారు 180 దినాలు, బిడ్డకు తల్లిపాలు తప్ప మరేమీ అక్కరలేదు. ఎండకాలంలో మంచినీరు కూడా అక్కరలేదు. 6 నెలలు నిండిన పిమ్మట తల్లిపాలతో పాటు ఘనాహారం తప్పక మొదలుపెట్టవలెనని, పాలు మాత్రం రెండేండ్లు, ఆపైన కూడా కొనసాగించవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కారణం స్పష్టమైనది. గర్భంలో ఉన్నప్పుడు తల్లి నుండి తెచ్చుకొన్న ఇనుము నిలువ ఆరు నెలలకు తరుగుతుంది. తల్లిపాలు అమృతమే అయినా వాటిలో ఇనుము స్వల్పం. పెరుగుతున్న శరీరానికి కావలసిన శక్తికీ, పాల ద్వారా అందే శక్తికీ నడుమ అంతరం అప్పటి నుండి దినదినం పెరుగుతుంది. ఆ అంతరాన్ని పూడ్చేది అన్నం.

కనుక ఆడబిడ్డకు ఆరు నిండి ఏడవ నెల నడుస్తున్నప్పుడు చేస్తే ఆచారానికీ ఆరోగ్యానికీ చక్కగా సరిపోతుంది. మగబిడ్డకు ఆరవ నెల చివరి దినాలలో ముహూర్తం చూచుకొనవచ్చును. ముహూర్తం కొద్ది దినాలు ముందు పడినచో ఆనాడు నాలుకకు తాకించి, 6 నెలలు నిండగానే నిత్యాహారం మొదలుపెడితే సరిపోతుంది. ఎనిమిదవ నెల కూడా సరి నెలే కదా అని ఆకలిగొన్న బిడ్డను ఆపనక్కరలేదు.

ఇక మూఢం సంగతి. గురు శుక్ర మౌఢ్యాలలో వివాహం, ఉపనయనం, గృహప్రవేశం వంటివి మానుతాము. అవి ఆగినా నష్టం లేదు. జాతకర్మ, నామకరణం, అన్నప్రాశన అట్టివి కావు. వాటికి బిడ్డ వయస్సును బట్టి కాలం ముందే నియతమై ఉన్నది. నియతకాలంలో చేసే సంస్కారానికి మౌఢ్యదోషం లేదన్నది పెద్దల నిర్ణయం. మీ పురోహితులను అడిగినా ఈ మాటే చెబుతారు. తండ్రి దూరదేశంలో ఉన్నాడన్నా, కొండకు మొక్కు ఉన్నదన్నా, ఇంటిలోని దేవుని ముందు మొదట తినిపించి, తరువాత అందరూ కలిసి కొండకు వెళ్ళి మొక్కు చెల్లించుకొనవచ్చును. స్వామి ఎదురుచూడగలడు. బిడ్డ కడుపు ఎదురుచూడలేదు.

చిన్న అగ్నికి చిన్న సమిధ

భగవద్గీత పదునైదవ అధ్యాయంలో భగవానుడు, తానే వైశ్వానరాగ్నియై ప్రాణుల దేహాలలో నిలిచి నాలుగు విధాలైన అన్నాన్ని పచనం చేస్తున్నానని సెలవిచ్చినాడు. ఆ నాలుగింటినీ భక్ష్యం, భోజ్యం, లేహ్యం, చోష్యం అని వ్యాఖ్యాతలు వివరించారు. నమలేది భక్ష్యం, మెత్తగా మ్రింగేది భోజ్యం, నాకేది లేహ్యం, చప్పరించి పీల్చేది చోష్యం. పసిబిడ్డ భోజన ప్రయాణాన్ని చూడండి. ఈ నాలుగు మెట్లే, క్రిందినుండి పైకి. తల్లిపాలు పీల్చడంతో మొదలై, నాకడం నేర్చి, మెత్తని ముద్ద మ్రింగి, ఏడాదినాటికి నమలడానికి వస్తుంది.

అప్పుడే రాజుకొన్న అగ్నిలో లావు మొద్దు వేస్తే ఆరిపోతుంది. నేతిలో తడిపిన చిన్న సమిధ వేస్తే జ్వాల లేస్తుంది. బిడ్డ జఠరాగ్ని కూడా అట్టిదే. మెడ నిలిపి, ఆసరాతో కూర్చుని, పెద్దలు తింటుంటే ముద్దవంక చూస్తూ నోరు కదుపుతున్నదంటే అగ్ని రాజుకొన్నదని గ్రహించవలె.

ఆరు నిండిన మొదటి దినాలలో రెండు మూడు చెంచాలతో దినానికి రెండు సార్లు చాలును. బాగా ఉడికించి మెత్తగా మెదిపిన అన్నం, పెసరకట్టు, కొంచెం నెయ్యి. రాగి జావ, మెదిపిన అరటిపండు, ఉడికించిన గుమ్మడి, చిలగడదుంప. ఒక్కొక్క కొత్త పదార్థాన్ని రెండు మూడు దినాలు పెట్టి చూచి మరొకటి చేర్చవచ్చును. ఏడెనిమిది నెలలకు దినానికి రెండు మూడు సార్లు, 250 మిల్లీలీటర్ల గిన్నెలో సగం వరకు తినగలుగుతుంది. తొమ్మిది నెలల తరువాత మూడు నాలుగు సార్లు భోజనం, నడుమ ఒకటి రెండు సార్లు పండో ఇడ్లీ ముక్కో ఇవ్వవచ్చును. అప్పటికి మరీ మెత్తగా రుబ్బక, చేతితో మెదిపిన ముద్దలే పెట్టవలె. ఏడాది నిండేసరికి ఇంటిలో అందరూ తినేదే కారం లేకుండా తినగలగాలి.

ఒక మాట ముఖ్యంగా గుర్తుంచుకొనవలె. అరగదన్న భయంతో చాలమంది జావను నీళ్ళవలె పలుచన చేస్తారు. బిడ్డ పొట్ట చిన్నది. నీటితో నిండిన పొట్టలో అన్నానికి చోటు ఉండదు. చెంచా వంచితే జారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండవలె. అందులో ఒక చెంచా నెయ్యి వేస్తే బలం పెరుగుతుంది. ఇనుము కొరకు పప్పు, తోటకూర వంటి ఆకుకూరలు మెత్తగా ఉడికించి కలిపి, పైన రెండు చుక్కల నిమ్మరసం పిండితే ఆ ఇనుము ఒంటికి బాగా పడుతుంది. గ్రుడ్డు, మాంసం ఆచారంగా గల ఇండ్లలో అవి కూడా బాగా ఉడికించి మెత్తగా చేసి ఈ వయస్సు నుండే పెట్టవచ్చునని వైద్యులు చెబుతారు. నెలలు నిండక పుట్టిన బిడ్డలకూ, బరువు తక్కువైన బిడ్డలకూ వైద్యుని సలహా తీసుకొనడం మంచిది.

తేనె విషయం

ఇక్కడ ఒక ధర్మసందేహం ఉన్నది. ఆపస్తంబులు ప్రాశనద్రవ్యంగా పెరుగు, తేనె, నెయ్యి, అన్నం కలిపినదానిని చెప్పారు. ఏడాది లోపు బిడ్డకు తేనె చుక్క కూడా తాకించరాదని నేటి వైద్యం చెబుతున్నది. తేనెలో కొన్నిసార్లు ఉండే ఒక సూక్ష్మజీవి బీజాలు పసిబిడ్డ ప్రేగులలో మొలకెత్తి విషాన్ని పుట్టిస్తాయి. అందువలన కండరాలు సడలి, ఊపిరికే ప్రమాదం రావచ్చును. ఇది అరుదే, కాని వచ్చినప్పుడు ఘోరమైనది.

మేము మా సన్నిధిలో చేయిస్తున్న పద్ధతి ఇది. తేనెను దేవునికి నివేదిస్తాము, పెద్దలు ప్రసాదంగా తీసుకొంటారు. బిడ్డ నోటికి మాత్రం పెరుగు, నెయ్యి, అన్నమే తాకిస్తాము. సంస్కారం బిడ్డ ఆయురారోగ్యాల కొరకు ఏర్పడినది. ఆ ప్రయోజనానికే హాని అయ్యేదానిని వదలివేయడంలో శాస్త్రధిక్కారం లేదని మా విశ్వాసం.

ఏడాది వరకు బిడ్డ ఆహారంలో ఉప్పు, పంచదార కలపవద్దు. వేరుశనగ గింజలు, కోయని ద్రాక్షపండ్లు గొంతుకు అడ్డుపడతాయి కనుక ఇవ్వరాదు. ఆవుపాలు, గేదెపాలు తల్లిపాలకు బదులుగా ఏడాది వరకు వద్దు. పాలసీసాను శుభ్రపరచడం కష్టం కనుక గిన్నె, చెంచా వాడడం మేలు. తినిపించే చేతిని, బిడ్డ చేతిని సబ్బుతో కడగడం ఆచమనం వలె తప్పనిసరి.

ఉమ్మివేసినా ప్రసాదమే

తైత్తిరీయోపనిషత్తులో భృగువు తపస్సు చేసి మొదట గ్రహించినది అన్నమే బ్రహ్మమని. అన్నాన్ని నిందింపరాదని ఆ ఉపనిషత్తే వ్రతంగా విధించినది. పసిబిడ్డ ముద్దను నాలుకతో బయటికి త్రోస్తే తల్లికి విసుగు వస్తుంది. అది నింద కాదు. ఆరు నెలలు పీల్చడమే తెలిసిన నాలుక, మ్రింగడం నేర్చుకొంటున్నది. నేడు ఉమ్మినదానిని ఎల్లుండి మరల పెట్టవలె. పదిసార్లు పెడితే పదకొండవసారి ఇష్టపడే బిడ్డలు ఎందరో. ముక్కు మూసి, కాళ్ళు పట్టి ఏడిపిస్తూ కుక్కడం మాత్రం కూడదు. మన తల్లులు చందమామను చూపి, కాకిని పిలిచి, కబుర్లు చెబుతూ గోరుముద్దలు పెట్టినది ఊరకే కాదు. తిన్న అన్నంలోని సూక్ష్మభాగం మనస్సు అవుతుందని ఛాందోగ్యం చెబుతున్నది. మెదడు వేగంగా ఎదిగే కాలం మొదటి రెండేండ్లేనని వైద్యం చెబుతున్నది. ఆ ముద్దలో అన్నమెంత ముఖ్యమో, పెట్టే చేతిలోని శాంతమూ అంతే ముఖ్యం.

అన్నప్రాశన నాడు బిడ్డ ముందు పుస్తకం, కలం, బంగారం, పూలు పరచి, ఏది పట్టుకొంటుందో చూచి మురియడం మన వేడుక. మురియండి. కాని పుస్తకం పట్టిన బిడ్డకైనా, బంగారం పట్టిన బిడ్డకైనా మరునాటి ఉదయం ఆకలి ఒక్కటే. తొలి ముద్దకు బంధువులందరూ ఉంటారు. మలి ముద్దకు తల్లి ఒక్కతే మిగులుతుంది. ఆమె పక్కన అత్తగారో, భర్తో, ఇంటి పెద్దో కూర్చుని గిన్నె అందుకొన్ననాడు ఆ సంస్కారం సంపూర్ణమవుతుంది.

ఆ మనుమరాలు నేడు బడికి పోతున్నది. పర్వదినాలలో నాయనమ్మ చేయి పట్టుకొని అన్నదానం పంక్తిలో కూర్చుంటుంది. వడ్డించే వారు ముందుకు సాగకముందే విస్తరి ముందుకు జరుపుతుంది. ఆ దృశ్యం చూచినప్పుడల్లా ఆ పాత తూకపు కార్డు మాకు గుర్తుకు వస్తుంది. మీ ఇంటిలో, మీ వీధిలో ఆరు నెలలు నిండిన బిడ్డ ఉన్నదేమో ఒకసారి విచారించండి. ముహూర్తం కొరకు ఆగి ఉన్నారేమో అడగండి. ఈ నాలుగు మాటలూ వారికి చెప్పండి. అదియే అన్నపూర్ణకు మనం చేసే అర్చన.

స్వస్తి.