ఇంటర్వెల్‌లో లేవలేకపోయిన డాన్సర్

ఇంటర్వెల్ పడింది. లైట్లు వెలిగాయి. పక్క సీట్లవాళ్లంతా సమోసాలకీ సోడాలకీ పరుగులు తీశారు. నేను మాత్రం కుర్చీ పట్టుకుని కూర్చున్నాను. కాదు కాదు... కుర్చీయే నన్ను పట్టుకుంది!

లేద్దామని కాళ్లు కూడదీసుకున్నాను. మోకాలి చిప్ప వెనకాల ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది. మళ్లీ కూలబడ్డాను. వెనక వరసలోంచి ఒక కుర్రాడు నన్ను గుర్తుపట్టాడు.

“అన్నా, నువ్వు జాతరలో మోకాళ్ల మీద జారే డాన్సర్‌వి కదూ? ఒక స్టెప్పు వెయ్యన్నా!”

నవ్వేశాను. ఆ నవ్వు వెనక నొప్పి ఆ దేవుడికే తెలియాలి.

ఇంతకీ నేనెవరినో చెప్పలేదు కదూ! మాది విజయనగరం. ఘంటసాల మాస్టారు మహారాజావారి సంగీత కళాశాలలో పాట నేర్చుకున్న ఊరు. సుశీలమ్మ పుట్టిన ఊరు. అంత గొప్ప ఊళ్లో నాది చాలా చిన్న బతుకు. పెళ్లిళ్లకీ, వినాయక చవితి పందిళ్లకీ, జాతర స్టేజీలకీ సినిమా పాటలు ఆడే ట్రూపు నడుపుతాను. సాయంత్రాలు పిల్లలకి డాన్సు నేర్పుతాను. ఈ కథ జరిగేటప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్లు.

ట్రూపుకి పేరు తెచ్చింది నా ఒకే ఒక్క స్టెప్పు. పాట చివర గాల్లోకి ఎగిరి, రెండు మోకాళ్ల మీద దబ్బున దిగి, స్టేజీ అంచుదాకా జారిపోవడం! సినిమాలో హీరో అలా దిగితే కింద ఏం పరిచారో మనకి కనబడదు. నాకు మాత్రం కింద చెక్కబల్లలు, వాటి మీద ఒక పల్చటి తివాచీ. ఎనిమిదేళ్లపాటు అలాగే దిగాను. ఈలలు వింటూ ఉంటే మోకాలి మాట వినబడేది కాదు.

ముందు మెట్ల దగ్గర మొదలైంది. ఎక్కడం ఫరవాలేదు గానీ దిగడమే నరకం. ఓ రోజు డాబా మీంచి గోడ పట్టుకుని దిగుతుంటే మా అమ్మ కింద నిలబడి చూసింది.

“ఏట్రా, మీ తాత దిగినట్టు దిగతన్నావ్? ఏటైందిరా కాలికి?”

“ఏం లేదే అమ్మా, బెణికింది.”

అబద్ధం. అప్పటికి అది ఏడు నెలల బెణుకు!

అమ్మ వావిలాకు కాపడం పెట్టింది. హాయిగా ఉండేది, రెండు గంటలపాటు. మందుల షాపులో నొప్పి బిళ్లలు కొన్నాను. ప్రోగ్రాం ఉన్న రోజు ఒకటి, లేని రోజు ఒకటి. నొప్పి బిళ్ల చేసే పని ఏమిటంటే, ఇంట్లో నిప్పంటుకుందని గంట మోగుతుంటే ఆ గంట పీకెయ్యడం. మంట మండుతూనే ఉంటుంది. పైగా అలా నెలల తరబడి మింగితే కడుపుకీ కిడ్నీలకీ చేటని నాకు తరవాత తెలిసింది. ఆనక ఒకాయన ఇంజక్షన్ ఇచ్చాడు. ఆ రాత్రి చిరంజీవి పాటలు నాలుగు ఆడేశాను. మర్నాడు బాత్రూంకి వెళ్లడానికి తమ్ముడి భుజం కావలసి వచ్చింది.

సరే, అసలు ఆడటమే మానేద్దామనుకున్నాను. మూడు నెలలు మంచం దిగలేదంటే నమ్మండి. నొప్పి తగ్గిందా? తగ్గింది, పడుకున్నంతసేపూ! లేచి నాలుగడుగులు వేస్తే మళ్లీ మొదలు. ఈలోగా తొడ సన్నబడింది. ట్రూపు కుర్రాళ్లు ఇద్దరు వేరే ట్రూపులోకి వెళ్లిపోయారు. పైడితల్లమ్మ సిరిమానోత్సవం వచ్చింది. విజయదశమి తరవాత వచ్చే మంగళవారం, ఊరంతా జనసముద్రం. సిరిమాను చివర పూజారి కూర్చుని గుడికీ కోటకీ మధ్య తిరుగుతుంటే, నేను మేడ మీద కుర్చీలో కూర్చుని చూశాను. దూరంగా తప్పెటగుళ్ల వాళ్లు గుండెల మీద తప్పెట వాయిస్తూ, గజ్జెలు ఘల్లుమంటుండగా నేలకీ నింగికీ ఎగురుతున్నారు. వాళ్లలో ఒకాయనకి నెత్తి పండిపోయింది. నాకు ముప్పై నిండలేదు! ఆ రాత్రి ఏడ్చానని రాసుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

ఆ తరవాత విశాఖపట్నంలో ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లాను. ఎముకల డాక్టరు తీయించిన ఎక్స్‌రేలో ఏ తప్పూ లేదు. ఎముక అరగలేదు. ఆవిడ నా మోకాలిని అటూ ఇటూ వంచి చూసి ఒకే ప్రశ్న వేశారు.

“సినిమాలు చూస్తారా?”

“మేడమ్! అది నా వృత్తి!”

“హాల్లో ఎక్కువసేపు కూర్చుంటే నొప్పి వస్తుందా?”

ఉలిక్కిపడ్డాను. ఆ సంగతి ఈవిడకెవరు చెప్పారు? ఆవిడ నవ్వి, ఈ జబ్బుకి ఇంగ్లీషు వైద్యంలో ‘మూవీగోయర్స్ నీ’ అని ఒక ముద్దుపేరు ఉందన్నారు. అంటే సినిమాలు చూసేవాడి మోకాలు! కాళ్లు మడిచి చాలాసేపు కూర్చుంటే చిప్ప వెనకాల నొప్పి రావడం దాని గుర్తు. ఇంతకన్నా తగిన జబ్బు నాకెక్కడ దొరుకుతుంది చెప్పండి!

తరవాత ఆవిడ చెప్పింది నా భాషలో చెబుతాను. మోకాలి చిప్ప బావి గిలకలాంటిది. తొడ కండ తాడు. మనం కూర్చున్నా లేచినా మెట్లు దిగినా ఆ తాడు గిలక మీదుగా లాగుతుంది. మెట్లు దిగేటప్పుడు చిప్ప వెనక పడే బరువు మన ఒంటి బరువుకి సుమారు మూడు రెట్లు. గొంతుక్కూర్చుంటే ఇంకా ఎక్కువ. కండలు బలంగా ఉంటే ఆ బరువు పంచుకుంటాయి. తుంటి కండలూ తొడ కండలూ నీరసిస్తే భారమంతా గిలక మీదే. నేను ఎనిమిదేళ్లు గిలకని బాదాను. ఆ తరవాత మూడు నెలలు పడుకుని తాడుని కుళ్లబెట్టాను. రెండూ తప్పే!

“మరి మందేమిటి మేడమ్?”

“పని. కొలిచి చేసే పని.”

ఆ కొలత వింటే మీకు నవ్వొస్తుంది. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా పదిసార్లు లేచి కూర్చోవడం. వెల్లకిలా పడుకుని కాలు తిన్నగా పైకెత్తడం. పక్కకి తిరిగి పడుకుని పైకాలు ఎత్తడం. గోడకి వీపు ఆన్చి కొంచెం కిందికి జారి నిలబడటం. ఒక ఇటుక ఎత్తు మీంచి ఒంటికాలితో మెల్లగా దిగడం. జాతర స్టేజీ ఊపేసిన మనిషిని, ఇటుక మీంచి దిగడం నేర్చుకుంటున్నాను!

ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. నొప్పికి పదికి మార్కులు వేసుకోవాలి. మూడు లోపు ఉండి, మర్నాడు పొద్దుటికి సర్దుకుంటే సరే, కొనసాగించొచ్చు. మూడు దాటినా, మర్నాటికీ మిగిలినా, కొలత తగ్గించాలి. అంతేగానీ మానెయ్యకూడదు. ఒక నోటుపుస్తకం కొన్నాను. రోజూ మార్కులు వేశాను. ఇంటర్మీడియెట్‌లో కూడా అంత శ్రద్ధగా రాయలేదు!

నెల తిరిగేసరికి మెట్లు దిగేటప్పుడు గోడ వదిలేశాను. రెండో నెల పెద్దచెరువు గట్టున నడక. మూడో నెలలో... ఏం దాచను? ఒక పెళ్లిలో పాట వినబడగానే పూనకం వచ్చింది. పాటంతా ఆడేశాను. చివర మోకాళ్ల మీద దిగాను కూడా! మర్నాటికి మోకాలు కొబ్బరిబోండాం అయింది. నోటుపుస్తకంలో మార్కులు: ఎనిమిది. మళ్లీ ఇటుక దగ్గరికి.

ఆ నిరాశలో ఉండగా ఒక స్నేహితుడు నన్ను బండెక్కించుకుని నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడకి తీసుకుపోయాడు. వెయిట్‌లిఫ్టర్ల ఊరని మన జిల్లాలో ఎవరినడిగినా చెబుతారు. 2014లో గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల్లో రజతం అందుకున్న మత్స సంతోషి ఆ ఊరి అమ్మాయే. పెద్ద పెద్ద ఇనుప చక్రాలు గాల్లోకి లేస్తాయని చూడబోయాను. నా కంటపడింది పన్నెండేళ్ల పిల్ల. చేతిలో ఉత్త కర్ర! ఆ కర్ర పట్టుకునే కూర్చుంటోంది, లేస్తోంది, మళ్లీ కూర్చుంటోంది. మోకాళ్లు పాదాల వైపే చూస్తున్నాయా లేదా అని ఒక పెద్దాయన పక్కనే నిలబడి చూస్తున్నాడు.

“బరువు ఎప్పుడు ఎత్తుతావమ్మా?” అన్నాను.

“కర్ర బాగొచ్చాక,” అంది, నా వైపు చూడకుండానే.

నా చెంప ఛెళ్లుమన్నట్టయింది. పక్క జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నించి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ! మనం చూసింది ఆ 130 కిలోలే. దాని కింద పేరుకున్న చిన్న బరువులు ఎన్నో మనకేం తెలుసు?

ఇక్కడే మన సినిమా చేసే మోసం గురించి చెప్పాలి. కోపం తెచ్చుకోకండి, నేనూ ఆ పిచ్చివాణ్ణే! దెబ్బ తిన్న హీరో ఒక్క పాటలో లేచి నిలబడతాడు. పల్లవిలో కర్ర పట్టుకుని, మొదటి చరణంలో కొండెక్కి, రెండో చరణంలో విలన్ గుండె మీద! మోకాలికి ఎడిటింగ్ తెలీదు. ‘మయూరి’ చూశారా? 1985లో సింగీతం శ్రీనివాసరావుగారు తీశారు. సుధాచంద్రన్ తన కథలో తానే నటించింది. రెండున్నర గంటల్లో ఆ అమ్మాయి కాలు పోవడం, జైపూర్ కాలు పెట్టుకోవడం, మళ్లీ నాట్యం చెయ్యడం చూసి కళ్లు తుడుచుకుంటాం. కానీ లెక్క చూడండి. ప్రమాదం జరిగింది 1981లో. మళ్లీ వేదిక ఎక్కింది 1984లో. ఆవిడ కష్టం ముందు నా నొప్పి ఏపాటిది! కానీ ఆ మూడేళ్ల లెక్క నాకు ధైర్యమిచ్చింది. కటింగ్ లేకుండా బతికినవాళ్లే లేచారన్నమాట.

కొండవెలగాడ నించి వచ్చిన వారం, నా క్లాసులో పదమూడేళ్ల కుర్రాడు మోకాలు రుద్దుకుంటూ కనబడ్డాడు.

“ఏంట్రా?”

“ఏం లేదు మాస్టారూ... నొప్పెడతంది.”

“ఎన్నాళ్ల నించి?”

వాడు తలొంచుకున్నాడు. “పోయిన ఏడాది నించి. మీకు సెప్పాను. హీరోకి నొప్పుండదురా అన్నారు కదా!”

అన్నాను. నిజంగానే అన్నాను. నా ఈలల కోసం ఒక పసివాడి మోకాళ్లు చెక్కల మీద కొట్టించాను. నా నొప్పంతా ఒక ఎత్తు, ఆ ఒక్క మాటా ఒక ఎత్తు. ఆ రోజు నించి నా క్లాసులో మోకాళ్ల మీద దిగే స్టెప్పు లేదు. డాన్సుకి ముందు పది నిమిషాలు కుర్చీ, ఇటుక. ఆ కుర్రాణ్ణి కూడా వాళ్ల నాన్నతో డాక్టరుకి చూపించాం. నెమ్మదిగా కోలుకున్నాడు.

నాకు మొత్తం పదకొండు నెలలు పట్టింది. మరుసటి సిరిమానోత్సవానికి స్టేజీ ఎక్కాను. ఒక్కటే పాట. చివరికొచ్చేసరికి కిందనించి కేకలు, “అన్నా, జారన్నా, జారు!” కాళ్లు జిలజిల్లాడాయి. ఎగరలేదు. సగం వరకే కూర్చుని, ఆ భంగిమలోనే చేతులు చాపి, గింగిరాలు తిరిగి నిలబడ్డాను. ఈలలు వచ్చాయా? వచ్చాయి, కానీ మునుపటంత కాదు. స్టేజీ దిగే మెట్లు ఏడు. ఏ గోడా పట్టుకోకుండా దిగాను. కింద అమ్మ నిలబడి ఉంది. కాళ్ల వైపే చూసింది. ఏమీ అనలేదు. ఆ చూపు ముందు ఈలలెంత!

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఫోన్లో రీలు చూసి గచ్చు మీద మోకాళ్లతో దిగేవాళ్లు మీలో చాలామంది ఉన్నారని తెలుసు. ఆడొద్దని చెప్పను. ముందు కాళ్లకి బలం తెచ్చుకోండి. మోకాలు వాచినా, మడత పడి బిగుసుకుపోయినా, కాలు ఆనకపోయినా, నొప్పితో జ్వరం వచ్చినా బిళ్లలతో కాలక్షేపం చెయ్యకండి, డాక్టరు దగ్గరికి పరిగెత్తండి. అదే, నెమ్మదిగా నడిచి వెళ్లండి!

ఇప్పటికీ సినిమాకి వెళితే నడవ పక్క సీటే అడుగుతాను, మధ్య మధ్య కాలు చాపుకోవడానికి. ఇంటర్వెల్ పడగానే సోడా కోసం అందరికన్నా ముందు లేచేది మాత్రం నేనే!