ఎరిక్ క్లైబరు

నూఱుమంది వాద్యకారుల యెదుట చిన్నకోల చేతఁబట్టి నిలుచువానిని పాశ్చాత్యులు కండక్టరందురు. మోటారుబస్సులో టిక్కెట్లిచ్చు కండక్టరు వేఱు. ఇతఁడు తానొక్క స్వరమైనను పలికింపఁడు. ఏ వాద్య మెప్పుడు మొదలిడవలెనో, ఎంత మెల్లగా మ్రోయవలెనో సైగచే తెలుపును. అసలు పని ప్రదర్శనమునకు ముందు, రిహార్సలులోనే జరుగును. ఈ విషయమున మిగుల పట్టుదల గలవాఁడు ఎరిక్ క్లైబరు.

ఇతఁడు 1890 ఆగస్టు 5వ తేదీని ఆస్ట్రియాలోని వియన్నా నగరమున జన్మించెను. అచ్చట గుస్టావ్ మాలరు వాద్యబృందమును నడుపుట చూచి తానును అట్టివాఁడు కాఁగోరెను. ప్రాగులో చదివి, జర్మనీలోని చిన్న రంగశాలలలో పదియేండ్లకుపైగా పనిచేసి, 1923లో బెర్లిను ప్రభుత్వ సంగీతనాటకశాలకు ప్రధాన సంగీతాధిపతి యయ్యెను.

ఆ దినములలో వియన్నావాఁడే యగు ఆల్బన్ బెర్గు 'వోజెక్' అను సంగీతనాటకమును రచించియుండెను. పై యధికారులచే బాధింపఁబడి మతిచెడిన యొక బీద సైనికుని కథ యది. సంగీతము క్రొత్తది, మిక్కిలి కఠినమైనది. క్లైబరు దానిని చేపట్టి, విసుగులేక రిహార్సలులు జరిపించి, 1925 డిశంబరు 14వ తేదీని తొలిసారి ప్రదర్శించెను. బెర్గు పేరు ఐరోపా యంతట మాఱుమ్రోగెను.

1933లో హిట్లరు అధికారమునకు వచ్చెను. ఇట్టి నూతన సంగీతము ఆ ప్రభుత్వమునకు గిట్టదు. అయినను క్లైబరు 1934 నవంబరు 30న బెర్గు రచించుచున్న 'లులు' నుండి కొన్ని భాగములను బెర్లినులోనే వినిపించి, కొలఁది దినములకే పదవిని విడిచెను. ఇతఁడు యూదుఁడు కాఁడు. నోరు మెదపకున్నచో ఉద్యోగమునకు ముప్పు లేదు. 1939లో యూదులకు ప్రవేశము లేదని విని మిలానులోని స్కాలా రంగశాలకు పోవుట మానెను. యుద్ధకాలమును దక్షిణ అమెరికాలో గడపి అర్జెంటీనా పౌరుఁడయ్యెను.

యుద్ధానంతరము నాఁటి తూర్పుజర్మనీ ప్రభుత్వము, బాంబులచే కూలిన ఆ బెర్లిను రంగశాలను మరల కట్టించుచు ఇతనిని పిలిచెను. సంతోషముతో నొప్పుకొనెను. ఇంతలో భవనముపై పూర్వము ఫ్రెడరిక్ రాజు పేర నున్న లాటిన్ శాసనమును అధికారులు తీసివేసిరి. గోడమీఁది కొన్ని మాటలకై ఇంత పంతమా యని తోఁచవచ్చును. బయటి గోడను విడువని రాజకీయము లోపలి సంగీతమును విడుచునా యని క్లైబరు తలఁచెను. 1955 మార్చిలో, పనిలో ప్రవేశింపకయే రాజీనామా నిచ్చెను. పరస్పర విరోధులగు రెండు ప్రభుత్వముల కాలమున ఒకే రంగశాలను రెండుమార్లు వదలుకొనెను.

ఆ యేఁడే వియన్నాలో మొజార్టుయొక్క 'ఫిగరో వివాహము'ను రికార్డు చేయించెను. 1956 జనవరి 27న, మొజార్టు పుట్టి సరిగా రెండువందల యేండ్లు నిండిన దినమున, జ్యూరిచ్ నగరమున మరణించెను. ఆ రికార్డును నేఁటికిని వినవచ్చును.