తపాలా రిబేటు: ప్రకటనలో ఒక ధర, బిల్లులో మరొకటి

వంద డాలర్ల సరుకుకు పత్రికా ప్రకటనలో 70 డాలర్లని పెద్ద అక్షరాలలో వేస్తారు. దుకాణంలో మాత్రం 100 డాలర్లూ చెల్లించాలి. మిగతా 30 డాలర్లను తయారీదారు తర్వాత తపాలాలో చెక్కుగా పంపుతాడు. బిల్లులోనే ముదరా కోసి ఇవ్వడం అలవాటైన వర్తకునికి వింతగా తోచే ఈ 'మెయిల్-ఇన్ రిబేటు' పద్ధతి 1990 దశకంలోనూ, 2000 తర్వాత కొన్నేళ్లూ అమెరికాలో కంప్యూటరు సరుకుల చిల్లర వ్యాపారాన్ని ఏలింది. కొనుగోలుదార్లు దీనితో విసిగినంతగా మరే అమ్మకపు పద్ధతితోనూ విసగలేదంటే అతిశయోక్తి కాదు.

రిబేటు అనే మాట అక్కడ కొత్తది కాదు. కార్ల గిరాకీ పడిపోయిన 1975లో క్రైస్లర్ కంపెనీ కారు కొన్నవారికి చెక్కులిచ్చి పేరుకున్న నిల్వలను కదిలించింది. చిన్న సరుకులకు వచ్చేసరికి తంతు పెరిగింది. అసలు రసీదు కావాలి, నకలు చెల్లదు. పెట్టెమీది బార్‌కోడ్ ముక్కను కత్తిరించి జతపరచాలి. అది కోసిన తర్వాత సరుకు వాపసు ఇవ్వడం కష్టం. ఫారం గడువులోగా చేరాలి. ఒక గడి ఖాళీగా ఉన్నా దరఖాస్తు తిరస్కరిస్తారు. అన్నీ సరిగా ఉన్నా చెక్కు రావడానికి రెండు మూడు నెలలు. వచ్చినది ప్రకటన కార్డులా కనిపించి చెత్తబుట్టలో పడడమూ కద్దు.

తయారీదారుల లెక్క వేరు. టోకు ధర తగ్గిస్తే ఆ తగ్గింపును చిల్లర వర్తకుడు తన లాభంలో కలుపుకోవచ్చు. రిబేటు అయితే నేరుగా వాడకందారుకే చేరుతుంది. పైగా జాబితా ధర చెక్కుచెదరదు. గిరాకీ కోలుకోగానే ధర పెంచినట్టు కనిపించకుండానే రిబేటు ఆపివేయవచ్చు. ఇంతవరకు న్యాయమైన వ్యాపారమే. కాని అసలు కిటుకు మరొకటి: కొన్నవారందరూ దరఖాస్తు పంపరు. ఇలా మిగిలిపోయే సొమ్మును ఆ వ్యాపార వర్గాలు 'బ్రేకేజ్' అంటాయి. రిబేటు మొత్తం ఎంత పెట్టాలో నిర్ణయించేటప్పుడే దీన్ని లెక్కలో వేసుకుంటారు. చెల్లింపు జరిగేదాకా సొమ్ము వాడకం అదనపు లాభం.

ఈ అంచనా తప్పితే ఏమవుతుందో సైబర్‌రిబేట్ సంస్థ చూపింది. సరుకులను బజారు ధరకు కొన్ని రెట్లు ఎక్కువకు అమ్మి, పూర్తి సొమ్ము రిబేటుగా ఇస్తామన్నది దాని బేరం. జనం మరచిపోలేదు, దరఖాస్తులు వచ్చిపడ్డాయి. 2001 మేలో దివాలా పిటిషన్ వేసింది. కొనుగోలుదార్లు హామీ లేని అప్పులవాళ్ల వరుసలో నిలబడవలసి వచ్చింది.

వర్తకులకు మరింత ముఖ్యమైనది కాంప్‌యుఎస్‌ఎ వ్యవహారం. క్యూపీఎస్ అనే తయారీదారు రిబేట్లు సకాలంలో చెల్లించడం లేదని తెలిసి కూడా ఆ రిబేట్లనే ప్రకటించి సరుకు అమ్మిందని ఆ దుకాణాల సంస్థపై ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2005లో రాజీ కుదిరి, రావలసిన రిబేట్లు చెల్లించడానికి సంస్థ ఒప్పుకున్నది. తయారీదారు మాటకు అమ్మినవాడు కూడా జవాబుదారీ కావలసి వచ్చింది. కనెక్టికట్ రాష్ట్రంలోనైతే రిబేటు పోగా మిగిలే నికర ధరను ప్రకటించిన దుకాణం, ఆ తగ్గింపును కౌంటరు దగ్గరే ఇవ్వాలి.

అదే 2005లో బెస్ట్ బై సంస్థ తపాలా రిబేట్లను రెండేళ్లలో ఎత్తివేస్తామన్నది. 2006లో ఆఫీస్‌మాక్స్ కూడా అదే బాట పట్టింది. రద్దీ సమయంలో కౌంటరు దగ్గర పేచీలు పడేది దుకాణదారే గనుక ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. ఇప్పుడు చాలా సరుకులకు తగ్గింపు బిల్లులోనే పడుతున్నది. అయితే టైర్లు, కాంటాక్ట్ లెన్సుల వంటి వాటిలో రిబేటు మిగిలే ఉంది. దరఖాస్తు ఇంటర్నెట్‌లో పంపవచ్చు. చెక్కుకు బదులు తరచు ప్రీపెయిడ్ కార్డు వస్తుంది. దానికీ గడువు తేదీ ఉంటుంది.